వయసు పైబడిన ఉద్యోగులతో హెల్త్ ట్రయల్: ఎవరు చేరారో, ఎవరు మధ్యలో మానేశారో నమోదు చేసి లెక్కతేల్చడం ఎలా

ఎండీ కమ్యూనిటీ మెడిసిన్, ఎంపీహెచ్, నర్సింగ్ పీహెచ్‌డీ చేసేవాళ్ళు థీసిస్ కోసం ఏదో ఒక ఫ్యాక్టరీలోనో, బస్ డిపోలోనో, ఆసుపత్రి సిబ్బందితోనో చిన్న ట్రయల్ (కొందరికి ఒక కార్యక్రమం ఇచ్చి, ఇవ్వనివాళ్ళతో పోల్చి చూసే అధ్యయనం) పెట్టుకుంటూ ఉంటారు. యోగా క్లాసులు, బీపీ కౌన్సెలింగ్, నడుంనొప్పికి వ్యాయామాలు, అలాంటివి. మొదట్లో హుషారుగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత చివరి కొలతలకి వెళ్తే జాబితాలో ఉన్న పేర్లలో చాలా మంది కనపడరు. అప్పుడు పట్టుకుంటుంది టెన్షన్. రానివాళ్ళని లెక్కలోంచి తీసేయొచ్చా, వైవాలో అడిగితే ఏం చెప్పాలి, ఇప్పుడు ఎవర్ని బతిమాలాలి అని.

ఈ పని చివర్లో చేసేది కాదు, మొదటి రోజే చెయ్యాలి. ఎవరు మానేసే అవకాశం ఉందో చేరిన రోజు నింపిన ఫారంలోనే కనపడాలి, అలా కనపడేలా ఫారం తయారు చేసుకోవాలి. వయసు పైబడిన ఉద్యోగుల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే వీళ్ళు మానేసేది ఎక్కువగా ఆసక్తి లేక కాదు. షిఫ్టు మారింది, బదిలీ అయింది, రిటైరయ్యారు, మోకాళ్ళు సహకరించలేదు, కోడలికి డెలివరీ అయింది, సూపర్‌వైజర్ పంపలేదు. ఇందులో సగానికి సగం ముందే ఊహించగలిగినవే.

1. వయసు గీత గీయండి, పక్కనే రిటైర్మెంట్ తేదీ రాయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయన బృందం 1990ల మొదట్లో 45 దాటినవాళ్ళని వయసు పైబడుతున్న ఉద్యోగులుగా తీసుకుంది. మన దేశంలో పెద్దవయసు వాళ్ళ మీద జరిగే పెద్ద సర్వే, లాసీ, అది కూడా 45 నుంచే మొదలవుతుంది. యూరప్ ట్రయల్స్‌లో 50, 55 కూడా కనిపిస్తాయి. మీరు ఏది పెట్టుకున్నా ఫర్వాలేదు గానీ, ఎందుకు పెట్టుకున్నారో ఒక వాక్యం ప్రోటోకాల్‌లో ఉండాలి. బరువులు మోసే పనిలో 45 అంటే పెద్ద వయసే, కుర్చీ పనిలో అంత కాదు.

ఇక వయసు ఎలా అడుగుతారు? మన దగ్గర యాభై దాటినవాళ్ళలో సర్టిఫికెట్ వయసు ఒకటి, అసలు వయసు ఇంకొకటి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన పుట్టినతేదీయే జీవితాంతం సర్వీసు రికార్డులో ఉండిపోతుంది. రెండూ అడగండి, రెండు గళ్ళలో రాయండి. రిటైర్మెంట్ లెక్కకి సర్టిఫికెట్ వయసు కావాలి, గుండె జబ్బు రిస్కు లెక్కకి అసలు వయసు కావాలి.

ఆ తర్వాత రిటైర్మెంట్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకి 2022 నుంచి 62 ఏళ్ళు, తెలంగాణలో 2021 నుంచి 61. ప్రైవేటులో 58 పెట్టుకున్నవీ ఉన్నాయి, 60 పెట్టుకున్నవీ ఉన్నాయి. 58కి దింపేసే ప్లాంటులో యాభై ఏడున్నర ఏళ్ళ మనిషిని ఏడాది ట్రయల్‌లో చేర్చుకుంటే, చివరి కొలత నాటికి ఆయన గేటు లోపల ఉండడు. ఇది ముందే తెలిసిన విషయం. దీన్ని తర్వాత డ్రాపౌట్ కింద రాయడం ఏం న్యాయం?

రెండు దారులు ఉన్నాయి. ఫాలో-అప్ పూర్తికాకుండానే రిటైరయ్యేవాళ్ళని అసలు చేర్చుకోకపోవడం ఒకటి, చేర్చుకుని రిటైరయ్యాక ఇంటి దగ్గరో, ఊళ్ళో పీహెచ్‌సీలోనో కొలత తీసుకునే ఏర్పాటు ముందే చేసుకోవడం ఇంకొకటి. నాకైతే రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే మొదటి దారిలో అసలు ఎవరి కోసం ట్రయల్ పెట్టామో వాళ్ళనే వదిలేసుకున్నట్టు అవుతుంది. కాకపోతే ఒక తిరకాసు. మీ ఫలితం బీపీ అయితే రిటైరైన మనిషికీ బీపీ ఉంటుంది, కొలవచ్చు. మీ ఫలితం 'ఏడాదిలో ఎన్ని సిక్ లీవులు' అయితే రిటైరైన మనిషికి అది లేదు. అంటే డేటా పోలేదు, అసలు పుట్టనే లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఇలాంటి మధ్యలో వచ్చే ఘటనలని ఎలా లెక్కలోకి తీసుకుంటారో ముందే రాసిపెట్టమని 2019లో ఖరారైన ఐసీహెచ్ (మందుల నియమాలని దేశాల మధ్య ఏకం చేసే అంతర్జాతీయ సంస్థ) ఈ9 ఆర్1 మార్గదర్శకం చెప్తుంది. అది మందుల ట్రయల్స్ కోసం రాసిందే అయినా మనకీ పనికొస్తుంది.

2. లెక్క గేటు దగ్గర నుంచే మొదలుపెట్టండి

చాలా థీసిస్‌లలో మొదటి అంకె 'చేరినవాళ్ళు 120' అని ఉంటుంది. దానికంటే ముందు అంకెలు ఏమయ్యాయి? హెచ్‌ఆర్ జాబితాలో 45 దాటినవాళ్ళు ఎంతమంది, అందులో లాంగ్ లీవులో ఎంతమంది, పిలుపు అందింది ఎంతమందికి, వచ్చి విన్నది ఎంతమంది, అర్హత లేక పోయింది ఎంతమంది, వద్దన్నది ఎంతమంది. కన్సార్ట్ (ట్రయల్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకం) ఫ్లో డయాగ్రామ్ అడిగేది ఇదే. ట్రయల్ అయిపోయాక కూర్చుని గుర్తుచేసుకుని గీసే బొమ్మ కాదు అది, మొదటి రోజు నుంచి ఒక రిజిస్టరులో రోజూ గీతలు పెట్టుకుంటూ రావాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో అమెరికాలో జరిగిన ఒక ట్రయల్ చూస్తే తెలుస్తుంది. ఇలినాయ్ యూనివర్సిటీ తన ఉద్యోగులకి 2016లో వెల్‌నెస్ కార్యక్రమం పెట్టి, దాన్ని రాండమైజ్డ్ ట్రయల్‌గా, అంటే కార్యక్రమం ఎవరికి దక్కాలో లాటరీ తీసి నడిపింది. పిలిచింది 12,459 మందిని, చేరింది 4,834 మంది. కార్యక్రమం దక్కిన 3,300 మందిలో స్క్రీనింగ్, ఆరోగ్య ప్రశ్నావళి పూర్తిచేసింది 56 శాతమే. ఆ పూర్తిచేసినవాళ్ళు ఎవరని చూస్తే, ముందు నుంచే ఆసుపత్రి ఖర్చు తక్కువ ఉన్నవాళ్ళు, అలవాట్లు బాగున్నవాళ్ళు. వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ పక్కపక్కన పెట్టి పోలిస్తే కార్యక్రమం బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. లాటరీ ప్రకారం రెండు గ్రూపులనీ పోలిస్తే వైద్య ఖర్చులో తేడా ఏమీ లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఆరోగ్య కార్యక్రమానికి వస్తారు, అంతే.

పెద్దవయసు ఉద్యోగుల్లో దీనికి ఇంకో పొర కలుస్తుంది. బాగా జబ్బు పడ్డవాళ్ళు ఇప్పటికే ఉద్యోగం మానేసి ఉంటారు. 57 ఏళ్ళకి ఇంకా లోడింగ్ పని చేస్తున్నాడంటే ఆ మనిషి తన ఈడువాళ్ళలో గట్టివాడు అని అర్థం. అందుకే వాళ్ళ సగటు బీపీ, నొప్పి స్కోరు చూసి 'పెద్దవాళ్ళయినా ఆరోగ్యం బాగుంది' అని రాసేయకండి.

వద్దన్నవాళ్ళ దగ్గర పేరు తీసుకోనక్కర్లేదు. వయసు ఏ గుంపు, ఆడా మగా, ఏ విభాగం, ఏ షిఫ్టు, ఎందుకు వద్దనుకున్నారు అన్న చిన్న చీటీ చాలు, అదీ ఇష్టమైతేనే. ఎథిక్స్ కమిటీ దగ్గర ఆ చీటీకీ ముందే అనుమతి తీసుకోండి.

3. ఫారంలో ఏం అడగాలి: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

వయసు, లింగం, చదువు, ఎత్తు, బరువు, బీపీ, షుగర్, బీడీ, ఖైనీ, మందు. ఇవన్నీ ఎలాగూ రాస్తారు. ఇవి జబ్బు గురించి చెప్తాయి, మానేయడం గురించి అంతగా చెప్పవు. మానేయడం గురించి చెప్పే ప్రశ్నలు వేరే ఉన్నాయి.

ఒక ఫ్యాక్టరీ గేటు ఊహించుకోండి. మధ్యాహ్నం రెండింటికి ఫస్ట్ షిఫ్టు దిగుతుంది, కంపెనీ బస్సు రెండుంపావుకి కదులుతుంది. మీరు గేటు పక్కన టేబుల్ వేసుకుని కూర్చున్నారు. బీపీ సరిగ్గా చూడాలంటే మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, కనీసం రెండుసార్లు కొలవాలి. లైన్లో ఆరో మనిషి ఒక కన్ను మీ మెషీన్ మీద, ఒక కన్ను బస్సు మీద వేసి నిలబడి ఉంటాడు. వాడి బీపీ ఎంత వస్తుందో పక్కన పెట్టండి, వచ్చే నెల వాడు ఈ లైన్లో నిలబడడు. సొంత బండి ఉన్నవాడు నిలబడతాడు. కాబట్టి 'ఇంటికి ఎలా వెళ్తారు, ఎంత దూరం' అన్నది మీ ఫారంలో ఉండాల్సిన ప్రశ్న. ఏ పుస్తకంలోని నమూనా ఫారంలోనూ ఇది మీకు దొరక్కపోవచ్చు.

అలాగే ఇవి కూడా: పర్మినెంటా, కాంట్రాక్టా (కాంట్రాక్టు మారితే మనిషే మాయం). షిఫ్టు ఏంటి, నైట్ నెలలో ఎన్ని. ఫోను సొంతమా, కొడుకుదా, వాట్సాప్ చూడటం వచ్చా. చదవడం ఏ భాషలో సౌకర్యం. వైజాగ్ వైపు ప్లాంటుల్లో ఒడియా, హిందీ వాళ్ళు కూడా ఉంటారు, తెలుగు కరపత్రం చేతికిచ్చి 'అర్థమైందా' అంటే తలూపుతారు. ఇంట్లో చూసుకోవాల్సినవాళ్ళు ఎవరున్నారు, మంచాన పడ్డ తల్లా, మనవలా. ఆడవాళ్ళ విషయంలో ఈ ప్రశ్న మరీ అవసరం, డ్యూటీ దిగాక యోగా అంటే వాళ్ళకి అది వంట టైము. గత మూడు నెలల్లో నొప్పి వల్ల ఎన్ని రోజులు సెలవు పెట్టారు. ఇంతకుముందు వ్యాయామం అలవాటుందా.

ఇంకొక ప్రశ్న ఉంది, మొహమాటపడకుండా అడగండి: మీరే వచ్చారా, సూపర్‌వైజర్ పంపారా? పంపితే వచ్చినవాడు మొదటి నెల తప్పకుండా వస్తాడు, ఆ సూపర్‌వైజర్ బదిలీ అయిన మరుసటి వారం నుంచి రాడు. పైగా అది అంగీకారం విషయంలో కూడా ఆలోచించాల్సిన సంగతి. పైవాడు పంపితే వచ్చిన సంతకం స్వేచ్ఛగా ఇచ్చిన సంతకం కాదు.

పని సామర్థ్యం కొలవడానికి ఫిన్లాండ్ వాళ్ళు 1980ల్లో తయారుచేసిన వర్క్ ఎబిలిటీ ఇండెక్స్ ఉంది. స్కోరు 7 నుంచి 49 దాకా. 27 లోపు ఉంటే బలహీనం, 28 నుంచి 36 ఓ మోస్తరు, 37 నుంచి 43 బాగు, 44 ఆపైన చాలా బాగు. వయసు పైబడిన ఉద్యోగుల ట్రయల్‌లో ఇది ఉంటే, మీ వాళ్ళని వేరే దేశాల ట్రయల్స్‌తో పోల్చుకోవచ్చు. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 సరిపోతుంది. కాకపోతే దాని తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. ఎవరైనా అవునంటే వెంటనే ఎవరికి చూపించాలో ముందే ఏర్పాటు లేకుండా ఆ ప్రశ్న అడగొద్దు.

ఫారం మాత్రం ఇరవై నిమిషాలకి మించనీయకండి. నలభై నిమిషాల ఫారమే కొంతమందికి మానేయడానికి మొదటి కారణం అవుతుంది.

4. మొదటి పట్టిక

ఇది చేరిన రోజు వివరాల (బేస్‌లైన్) పట్టిక. రెండు గ్రూపులు, వాటి పక్కన మొత్తం. వయసు లాంటివాటికి సగటు, ఎస్‌డీ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత). సిక్ లీవుల లాంటి ఒకవైపు లాగేసిన అంకెలకి మీడియన్ (నడిమి విలువ), క్వార్టైల్స్ (జాబితాని నాలుగు భాగాలు చేసే హద్దులు). ప్రతి వరుసలో ఎంతమందికి డేటా ఉందో కూడా వెయ్యండి, 120 మందిలో 97 మందికే షుగర్ చూసి ఉంటే అది కనపడాలి.

రెండు గ్రూపుల మధ్య పి-వాల్యూల (తేడా యాదృచ్ఛికమా కాదా అని పరీక్షించే అంకెల) కాలమ్ వెయ్యకండి. గైడ్ వెయ్యమంటారు, తెలుసు. కానీ లాటరీ సక్రమంగా జరిగితే ఉన్న తేడా అంతా యాదృచ్ఛికమే, యాదృచ్ఛికమా కాదా అని మళ్ళీ పరీక్ష పెట్టడంలో అర్థం లేదు. కన్సార్ట్ కూడా వద్దనే చెప్తుంది. ఎంత తేడా ఉందో చూడాలనుకుంటే స్టాండర్డైజ్డ్ డిఫరెన్స్ (సగటుల తేడాని ఎస్‌డీతో భాగిస్తే వచ్చేది) వెయ్యండి. 0.1 దాటితే గమనించండి, అంతకుమించి కంగారు వద్దు. గైడ్ మరీ పట్టుబడితే అనుబంధంలో పెట్టి ఊరుకోండి, దాని కోసం యుద్ధాలు అనవసరం.

5. 'మానేశారు' అంటే ఏంటో ట్రయల్ మొదలవకముందే రాసుకోండి

ఇక్కడ జరిగే గందరగోళం అంతా ఇంతా కాదు. యోగా క్లాసుకి రావడం మానేసినవాడూ, ట్రయల్‌లోంచే తప్పుకున్నవాడూ ఒకడు కాదు. క్లాసులు మానేసినా చివరి బీపీకి వస్తే అతని డేటా మీ దగ్గర ఉన్నట్టే, అతన్ని లెక్కలో ఉంచాలి. చాలామంది ఏం చేస్తారంటే, నాలుగు క్లాసులు ఎగ్గొట్టినవాణ్ణి 'డ్రాపౌట్' అని జాబితాలోంచి కొట్టేసి, చివరి కొలతకి ఫోను కూడా చెయ్యరు. చేజేతులా డేటా పోగొట్టుకోవడం ఇది.

అందుకే ప్రతి మనిషికీ విడివిడిగా గళ్ళు పెట్టుకోండి. లాటరీలో పేరు వచ్చాక ఒక్క క్లాసుకీ రానివాళ్ళు ఒక రకం. కొంతకాలం వచ్చి క్లాసులు ఆపేసి, కొలతలకి మాత్రం వచ్చేవాళ్ళు ఒక రకం. మూడో నెల కొలతకి రాకుండా ఆరో నెలకి వచ్చినవాళ్ళు ఇంకో రకం, వీళ్ళని డ్రాపౌట్ అనకూడదు. నా డేటా ఇక తీసుకోవద్దు అని చెప్పి తప్పుకున్నవాళ్ళు, దొరకనివాళ్ళు, చనిపోయినవాళ్ళు వేరే. ప్రతిదానికీ తేదీ ఉండాలి. తేదీ లేకపోతే తర్వాత మీరు చెయ్యగలిగింది సగమే.

అంగీకార పత్రంలో కూడా దీనికి తగ్గట్టు రెండు టిక్కులు పెట్టండి. క్లాసులు మానేస్తాను గానీ కొలతలకి వస్తాను అన్నది ఒకటి, మొత్తం తప్పుకుంటాను అన్నది ఒకటి. తప్పుకోవడం ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా వాళ్ళ హక్కు. కారణం అడగొచ్చు, గుచ్చి గుచ్చి అడగకూడదు.

కారణాల విషయంలో ఒక మాట. 'టైం లేదండీ' అన్నది మనవాళ్ళు మర్యాదగా తప్పించుకునే మాట. దాని వెనక ఏదైనా ఉండొచ్చు. టీ తాగుతూ కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటికొస్తుంది: "సార్, ఈ బీపీ కాగితం ఆఫీసుకి వెళ్తుందా?" పెద్దవయసు ఉద్యోగులకి ఈ భయం ఊరికే పుట్టింది కాదు. బస్సు డ్రైవరుకి చూపు తగ్గిందన్నా, క్రేన్ నడిపేవాడికి ఫిట్స్ వచ్చాయన్నా ఉద్యోగం మారిపోతుంది. రిటైర్మెంటుకి మూడేళ్ళ ముందు ఎవరికీ 'మెడికల్లీ అన్‌ఫిట్' అనిపించుకోవాలని ఉండదు. సింగరేణి లాంటి చోట ఇది ఇంకో రకంగా ఉంటుంది. అక్కడ మెడికల్ ఇన్‌వాలిడేషన్ (ఆరోగ్యం వల్ల పనికి తగరని తేల్చడం) అయితే వారసుడికి ఉద్యోగం అవకాశం ఉంది కాబట్టి ఆరోగ్యం గురించి చెప్పే ప్రతి మాట వెనకా ఒక కుటుంబం లెక్క ఉంటుంది. ఏ చోట ట్రయల్ పెడుతున్నారో అక్కడ ఆరోగ్య కాగితానికి ఉన్న విలువేంటో ముందు తెలుసుకోండి.

అందుకే కారణాల కోడ్‌లలో 'ఆసక్తి లేదు', 'సమయం లేదు' అన్న రెండే పెట్టి ఊరుకోకుండా షిఫ్టు మార్పు, బదిలీ, రిటైర్మెంట్, కాంట్రాక్టు ముగింపు, నొప్పి పెరగడం, వేరే జబ్బు, ఇంటి బాధ్యత, మేనేజ్‌మెంట్‌కి తెలుస్తుందన్న భయం, సూపర్‌వైజర్ వదలకపోవడం, తనది కంట్రోల్ గ్రూపు (పోలిక కోసం ఉంచిన, కార్యక్రమం దక్కని గ్రూపు) అని తెలిసి నిరాశపడటం, ఇవన్నీ పెట్టండి. చివరిది తక్కువ అంచనా వెయ్యకండి. 'వాళ్ళకి యోగా, మాకు కరపత్రమా' అని అలిగి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. ట్రయల్ అయ్యాక మీకూ క్లాసులు పెడతాం అని మొదటే చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

6. మానేయకుండా చూసుకోవడం

క్లాసు డ్యూటీ టైములో పెట్టించగలిగితే సగం సమస్య అక్కడే పోతుంది. కుదరకపోతే షిఫ్టు మారినా రాగలిగేలా ఒకే క్లాసు రెండు టైముల్లో పెట్టండి. ఫోను నంబర్లు మూడు తీసుకోండి, తనది, ఇంట్లోవాళ్ళది, పక్కన పనిచేసే స్నేహితుడిది, మూడూ అనుమతితో. కొలతల తేదీని దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ ముహూర్తాలు చూసుకుని పెట్టండి. జీతం కోతకి, ప్రయాణానికి డబ్బు ఇవ్వడాన్ని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. అది ప్రలోభంలా మారకూడదు, ఎంత ఇస్తారో కమిటీకి ముందే చెప్పాలి.

శాంపిల్ సైజు లెక్కలో ఒక చిన్న తప్పు తరచూ కనిపిస్తుంది. చివరికి 160 మంది కావాలి, 20 శాతం మానేస్తారనుకుంటే 160కి 20 శాతం కలిపి 192 అని వేస్తారు. 192లో 20 శాతం పోతే మిగిలేది 153 చిల్లర. 160ని 0.8తో భాగించాలి, 200 రావాలి. విభాగాల వారీగా, డిపోల వారీగా లాటరీ తీస్తే ఒక డిపో మొత్తం చెయ్యి జారిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. ఒకటో రెండో ఎక్కువ పెట్టుకోండి.

7. మానేసినవాళ్ళెవరో పట్టిక వెయ్యండి

మొదటి పట్టికనే మళ్ళీ తీసుకుని, ఈసారి కాలమ్‌లు నాలుగు చెయ్యండి. యోగా గ్రూపులో ఉన్నవాళ్ళు, పోయినవాళ్ళు, కంట్రోల్‌లో ఉన్నవాళ్ళు, పోయినవాళ్ళు. రెండు గ్రూపులనీ కలిపేసి 'ఉన్నవాళ్ళు, పోయినవాళ్ళు' అని రెండే కాలమ్‌లు వేస్తే అసలు ప్రమాదం దాక్కుంటుంది. రెండు వైపులా ఇరవై మంది చొప్పున పోయారని సంతోషించేలోపు, ఒకవైపు నొప్పి ఎక్కువున్నవాళ్ళు, ఇంకోవైపు నొప్పి లేనివాళ్ళు పోయారని బయటపడొచ్చు.

ఎంత నష్టం జరుగుతుందో ఊహా లెక్క ఒకటి వేద్దాం. రెండు గ్రూపుల్లో వందేసి మంది, రెండింట్లోనూ పై బీపీ సగటు 142. యోగా గ్రూపులో 30 మంది మానేశారు, వాళ్ళ సగటు 150, అంటే ఎక్కువ బీపీ ఉన్నవాళ్ళే పోయారు. మిగిలిన 70 మంది సగటు ఎంత? మొత్తం 14,200లోంచి 4,500 తీసేసి 70తో భాగిస్తే 138.6. కంట్రోల్‌లో పది మంది పోయారు, వాళ్ళ సగటు 142 కాబట్టి మిగిలినవాళ్ళదీ 142. ఇప్పుడు యోగా ఎవరి బీపీనీ ఒక్క పాయింటు కూడా తగ్గించలేదనుకోండి. అయినా చివర్లో మిగిలినవాళ్ళని పోలిస్తే యోగా గ్రూపు 3.4 తక్కువ. ఏమీ జరగకుండానే ఫలితం వచ్చేసింది, దాన్ని పట్టుకుని 'యోగా వల్ల బీపీ తగ్గింది' అని పేపరు కూడా రాసేయొచ్చు.

ఐదు శాతం లోపు పోతే పెద్ద చిక్కు లేదు, ఇరవై దాటితే ఫలితాన్ని నమ్మడం కష్టం అన్నది అందరూ చెప్పుకునే మోటు లెక్క. పైన చూశారుగా, ఎంతమంది పోయారన్నదానికంటే ఎవరు పోయారన్నదే ముఖ్యం.

పట్టిక తర్వాత లాజిస్టిక్ రిగ్రెషన్, అంటే అవును-కాదు ఫలితానికి ఏ అంశాలతో ఎంత సంబంధం ఉందో చూసే లెక్క. మానేశారా లేదా అన్నది ఫలితం, మూడో అంచెలో అడిగిన షిఫ్టు, ప్రయాణం, నొప్పి, కాంట్రాక్టు, ఇంటి బాధ్యత లాంటివి కారణాలు. మానేసినవాళ్ళు ముప్పై మందే అయితే పన్నెండు కారణాలు ఎక్కించకండి. ఒక్కో కారణానికి కనీసం పది మంది మానేసినవాళ్ళు ఉండాలన్నది మోటు లెక్క, అంటే మీకు మూడే. ఆ మూడు ఏవో డేటా చూశాక కాదు, ముందే అనుకోండి. గ్రూపుతో ఇంటరాక్షన్ (ఆ కారణం రెండు గ్రూపుల్లో వేర్వేరుగా పనిచేసిందా అన్నది) కూడా చూడండి, చిన్న ట్రయల్‌లో అది తేలకపోవచ్చు, అయినా అంకె ఎటు మొగ్గుతోందో రాయండి. తేదీలు రాసుకుని ఉంటే కాప్లాన్-మైయర్ గీత గీయండి. మానేయడం మొదటి నెలలోనే ఒక్కసారిగా జరిగిందా, మెల్లగా జరిగిందా, ఏదో ఒక నెలలో షిఫ్టులు మారినప్పుడు కుప్పకూలిందా అన్నది ఆ గీత చూడగానే తెలిసిపోతుంది.

8. లేని అంకెల సంగతి

ముందు ఈ పాతపద్ధతి వదిలేయండి: చివరిసారి వచ్చిన రీడింగునే చివరి నెల రీడింగుగా వేసేయడం. మూడో నెలలో నొప్పి తగ్గి, తర్వాత పెరిగి మానేసినవాడికి మీరు తగ్గిన నొప్పినే శాశ్వతం చేసేస్తారు.

డేటా ఎందుకు పోయిందన్నదాన్ని బట్టి మూడు రకాలు, 1976లో గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ చెప్పిన పద్ధతి ప్రకారం. కాగితం వర్షంలో తడిసి పోయింది, దానికీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం లేదు, ఇది మొదటి రకం. నైట్ షిఫ్టువాళ్ళు ఎక్కువ పోయారు, కానీ ఎవరిది నైట్ షిఫ్టో మీ ఫారంలో ఉంది, ఇది రెండో రకం, దీన్ని లెక్కలో సర్దుకోవచ్చు. నొప్పి పెరిగినందువల్లే రాలేదు, ఆ పెరిగిన నొప్పి మీకు తెలియదు, ఇది మూడో రకం, ఇదే అసలు తలనొప్పి. రెండో రకమా మూడో రకమా అని మీ చేతిలో ఉన్న డేటాతో ఏ పరీక్షా తేల్చలేదు. లిటిల్స్ టెస్టు (డేటా పోవడం మొదటి రకమేనా అని చూసే పరీక్ష) చేసి 'పి-వాల్యూ ఎక్కువొచ్చింది, సమస్య లేదు' అని రాసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మూడో అంచెలో ప్రయాణం గురించీ, షిఫ్టు గురించీ అంత పట్టుబట్టింది ఇందుకే. ఫారంలో అవి ఉంటే మూడో రకంలో కొంత భాగాన్ని రెండో రకంలోకి లాక్కురావచ్చు. మల్టిపుల్ ఇంప్యుటేషన్ (లేని అంకెలని ఉన్న వివరాల ఆధారంగా చాలాసార్లు అంచనా వేసి నింపడం) చేసేటప్పుడు మానేయడాన్ని ఊహించే అంశాలన్నీ మోడల్‌లో పెట్టండి, గ్రూపులవారీగా విడివిడిగా చెయ్యండి. కొలతలు మూడు నాలుగు సార్లు తీసుకుని ఉంటే మిక్స్‌డ్ మోడల్ (ఒకే మనిషి నుంచి వచ్చిన పలు కొలతలని కలిపి చూసే లెక్క) చాలు. లాటరీలో ఎవరు ఏ గ్రూపులో పడ్డారో ఆ గ్రూపులోనే లెక్కించాలి, క్లాసుకి వచ్చినా రాకపోయినా. ఆ తర్వాత సెన్సిటివిటీ, అంటే ఊహలు మారిస్తే ఫలితం మారుతుందా అని చూడటం: మానేసినవాళ్ళ బీపీ మేం ఊహించినదానికంటే 2 ఎక్కువ ఉంటే, 5 ఎక్కువ ఉంటే, 8 ఎక్కువ ఉంటే ఫలితం నిలబడుతుందా? ఎక్కడ పడిపోతుందో ఆ అంకె థీసిస్‌లో రాయండి. చదివేవాడు ఆ అంకె నమ్మదగ్గదో కాదో తనే తేల్చుకుంటాడు.

9. రాసేటప్పుడు

నెదర్లాండ్స్‌లో రెండు యూనివర్సిటీ ఆసుపత్రుల్లో 45 దాటిన 730 మంది సిబ్బందితో వైటల్ ఎట్ వర్క్ అని ఒక ట్రయల్ జరిగింది. ఆరు నెలల పాటు వారానికి ఒక యోగా క్లాసు, ఒక వ్యాయామం క్లాసు, కోచ్ సలహా, ఉచితంగా పండ్లు. గ్రూపుల్ని మొత్తంగా పోలిస్తే ఉత్సాహం, చురుకుదనంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యోగాకి బాగా వచ్చినవాళ్ళలో మాత్రం మెరుగుదల కనపడింది. ఇలాంటి ఫలితం మీకూ రావచ్చు, వచ్చినప్పుడు చెయ్యి నిలవదు, 'క్రమం తప్పకుండా వస్తే పనిచేస్తుంది' అని రాసెయ్యాలనిపిస్తుంది. ఆగండి. బాగా వచ్చినవాళ్ళు ఎవరు? ఇలినాయ్‌లో చూసినట్టు మొదటినుంచీ బాగున్నవాళ్ళు కావచ్చు, డే షిఫ్టువాళ్ళు కావచ్చు. ఆ మాట రాయదలిస్తే వాళ్ళ బేస్‌లైన్ పట్టిక పక్కన పెట్టి రాయండి, దాన్ని ప్రధాన ఫలితంగా కాకుండా అదనపు విశ్లేషణగా చెప్పండి.

పరిమితుల పేరాలో 'డ్రాపౌట్ ఎక్కువగా ఉంది' అని ఒక్క ముక్కతో తేల్చకండి. ఎవరు పోయారు, ఎప్పుడు, ఎందుకు, దానివల్ల ఫలితం ఎటు జరిగి ఉండొచ్చు అన్నది నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఉదాహరణకి ఇలా: "యోగా గ్రూపులో మానేసినవారిలో నైట్ షిఫ్టు ఉద్యోగులు, మొదట నొప్పి స్కోరు ఎక్కువ ఉన్నవారు ఎక్కువ. కాబట్టి మా ఫలితం వాస్తవం కంటే ఎక్కువ అనుకూలంగా కనిపించే అవకాశం ఉంది; నైట్ షిఫ్టు ఉద్యోగులకు దీన్ని వర్తింపజేయలేం."

పట్టికలు బయటపెట్టేముందు చిన్న అంకెలు చూసుకోండి. విభాగం, లింగం, వయసు మూడూ కలిపి పట్టిక వేస్తే, మెయింటెనెన్స్‌లో 55 దాటిన ఆడమనిషి ఒక్కరే ఉంటే ఆవిడెవరో ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిపోతుంది, ఆవిడ బీపీ ఎంతో కూడా. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడిని పక్క గడితో కలిపెయ్యండి. మేనేజ్‌మెంట్‌కి ఇచ్చే నివేదికలో మానేసినవాళ్ళ విభాగాలవారీ జాబితా అసలు పెట్టొద్దు. అడిగితే, అంగీకార పత్రంలో అలా ఇవ్వబోమని రాశాం అని ఆ పేజీ తీసి చూపించండి. ఆ వాక్యం అంగీకార పత్రంలో మొదటి రోజే ఉండేలా చూసుకోండి.